టీ కొట్టు తలుపు మీద రెండో జట్టు

మా మల్కాపురంలో ఫుట్‌బాల్ జట్ల తలరాత టీ కొట్టు తలుపు మీద ఉండేది. రాసేవాడు మా బావ, అంటే మా అక్క మొగుడు. రిఫైనరీలో ఉద్యోగం, షిఫ్టు దిగగానే టీ కొట్టు. కాలేజీల పోటీలు వానాకాలంలో మొదలయ్యేవి. తలా రెండు ఆటలు అయ్యాయో లేదో బావ సుద్దముక్క పట్టుకుని ఎవరు మొదలు, ఎవరు చివర అని వరస రాసేసేవాడు. ఇంకా సీజనంతా ఉండగా ఈ తొందరేమిటని అడిగితే, పెళ్ళిచూపుల్లో తెలిసిపోదా అనేవాడు. మా అక్కని చూడ్డానికి వచ్చినప్పుడు ఆయనకేం తెలిసిందో నాకు ఇప్పటికీ తెలీదు.

ఆ వరసకి అంత విలువ ఓడల వల్ల వచ్చింది. వాన పట్టుకుంటే రేవులో ఎరువుల బస్తాలు దించడం ఆగిపోయేది. ఏమీ తోచక ఓడ సిబ్బంది, ఆటకి ఎవరైనా ఉన్నారా అని కబురు పంపేవారు. తెరిపిచ్చిన ఆదివారం ఆట. తలుపు మీద మొదట ఉన్న జట్టుకే ఆ పిలుపు.

స్టీలు ప్లాంటు వస్తుందని ఊరంతా చెప్పుకుంటున్న ఆ రోజుల్లో నేను డిగ్రీ చదువుతూ మా కాలేజీకి బ్యాక్ ఆడేవాణ్ణి. నాన్న రేవులో ఓడల బస్తాలు దించే కలాసీ. నా ఆట ఒక్కసారీ చూడలేదు. బంతిని తన్నడానికి చదువెందుకని ఆయన అనుమానం. ఆ ఏడు మాత్రం ఓడ నిలబడిపోయిన వారంలో, అన్నం తింటూ తనే అడిగాడు.

"ఓడోళ్ళతోటి ఆడతావేట్రా?"

మొదట ఉండేది మేమే, ఆడతాం అన్నాను.

"అయితే నానొత్తాను. ఇన్నేళ్ళూ ఆళ్ళు మీదనుంచి సూడ్డం, మనం కిందనుంచి సూడ్డమే. ఒక్కపాలి సమానంగా నిలబడితే సూడాల" అన్నాడు. మర్నాడే వెళ్ళి షిఫ్టు మార్చుకున్నాడు.

మేం రెండు ఆటలూ గెలిచాం, గోల్స్ కురిపించి మరీ. కొండ పక్క కాలేజీ వాళ్ళు ఆడింది ఒకటే, రెండోది వాన మింగేసింది. ఆ ఒక్కటీ కిందటేటి విజేతల మీద, ఒక్క గోల్‌తో గట్టెక్కారు. బావ వాళ్ళని మొదట రాసి, మమ్మల్ని రెండులో పెట్టాడు. నాకు ఒళ్ళు మండిపోయింది. నాన్న సంగతి చెప్పి బతిమాలాను కూడా.

"మీ సేతిలో ఓడిపోయినోళ్ళకి గోలుపోస్టు ఎటేపుందో తెలీదు. ఎన్ని గెలిసేరని కాదు బామ్మర్దీ, ఎవుల మీద గెలిసేరని సూడాల" అన్నాడు బావ.

అక్క నా పక్షం. ఆ పూట వేయించిన వంజరం చేప ముక్కలు నాకు, ఉత్త చారు బావకి. ఆయన ఆ చారే లొట్టలేసుకుంటూ తాగాడు గానీ సుద్దముక్క మళ్ళీ ముట్టలేదు.

నాన్నకి చెప్పడానికి నోరు రాలేదు. ఆదివారం ఆయన ఇస్త్రీ చొక్కా వేసుకుని నాకంటే ముందే బయల్దేరాడు. దారిలో చెబుదాం, ఆ మలుపు దాటాక చెబుదాం అనుకుంటూనే మైదానం దాకా వచ్చేశాను. కొండ పక్క కాలేజీ వాళ్ళు బూట్లు కట్టుకుంటుంటే, నువ్వింకా ఇక్కడే నిలబడ్డావేమని అడిగాడు. ఇక చెప్పక తప్పలేదు. ఆయన మడిచిన చొక్కా చేతులు కిందికి దించుకుని, ఇంటి వైపు చూశాడు. నాకు ఏడుపొచ్చినంత పనైంది.

అప్పుడు తేలింది, ఓడ నుంచి వచ్చింది తొమ్మిది మందేనని. మిగతావాళ్ళకి డ్యూటీ పడిందట. మనుషులు తక్కువైతే రెండో జట్టు నుంచి సర్దాలి కదా అని బావ అక్కడికక్కడే తీర్మానించి, నన్నూ మా కెప్టెన్నీ లోపలికి తోశాడు. ఇదంతా తనకి ముందే తెలుసని ఇప్పటికీ చెప్పుకుంటాడు. శుద్ధ అబద్ధం.

ఓడ వాళ్ళ జెర్సీ నాకు మోకాళ్ళ దాకా వచ్చింది. మల్కాపురం అంతా కొండ పక్క కాలేజీ కోసం అరుస్తోంది. ఆ గుంపులో ఒక్క మనిషి మాత్రం ఓడ గెలవాలని చప్పట్లు కొడుతున్నాడు. బతుకంతా ఓడ వాళ్ళని తిట్టుకున్న మా నాన్న. గోల్‌లోకి పోబోయే బంతిని నేను ఆపి బయటికి తన్నినప్పుడు ఆయన గొంతు విడిగా వినిపించింది. అయినా ఓడిపోయాం, ఒక్క గోల్‌తో. బావ వరస తప్పు కాలేదు.

ఆట అయ్యాక ఓడ వాళ్ళలో పెద్దాయన, తెల్ల గడ్డం మనిషి, నా భుజం మీద చెయ్యేసి మీ నాన్న ఎవరని అడిగాడు. చూపించాను. ఆయన నడుచుకుంటూ వెళ్ళి చెయ్యి చాపాడు. నాన్న తన చెయ్యి పంచెకి తుడుచుకుని ఇచ్చాడు. ఇద్దరికీ భాష కలవదు. అయినా చాలాసేపు ఆ చేతులు వదల్లేదు. ఆ తర్వాత కప్పులు గెలిచాను గానీ, అంత ఆనందం మళ్ళీ కలగలేదు.

పై వారం మేం కొండ పక్క కాలేజీని ఓడించాం. బావ తలుపు తుడిచి మమ్మల్ని మొదట రాశాడు. నాన్నని చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళి చూపించాను. ఆయన చేతిలో టీ చల్లారేదాకా ఆ సుద్ద రాతల్ని చూసి, బావ వైపు తిరిగాడు.

"ఇంకో ఓడొచ్చీదాకా ఈళ్ళని రెండులోనే ఉంచితే నీ సొమ్మేటి పోనాది అల్లుడూ?"