చొక్కా కింద నడుము బెల్టు

ప్రభువునందు ప్రియమైన సహోదరులారా, సహోదరీలారా, మీ అందరికీ నా వందనాలు. మీలో చాలామంది నన్ను నడుము బాగైన మనిషిగా ఎరుగుదురు. ఆ మాట మీకు చెప్పింది నేనే, ఇదే మైకు పట్టుకుని, ఇదే చోట నిలబడి. ఆ సాక్ష్యంలో నేను దాచిన సగం ఆమధ్య ఒక ఆదివారం కొందరు విన్నారు, ఈ రోజు అందరికీ మొదటి నుంచి చెప్పడానికి వచ్చాను. ఆ సగాన్ని దాచుకున్న కాలమంతా నేను మీ మధ్యనే ఉండి కూడా ఎవరూ లేనివాడిలా బతికాను.

నేను రాజాంలో మోటార్లకు వైండింగు చేస్తాను. పొలాల్లో బోరు పాడైతే లోపలి మోటారును పైపులతో సహా పైకి లాగాలి, ఆ లాగుడులోనే నా నడుము పోయింది. నా భార్య ప్రభువు దగ్గరికి వెళ్లిపోయింది, మాకు పిల్లలు లేరు, ఆ ఇంట్లో నాకు మిగిలింది పనీ, ఈ మందిరమూ, ఈ నొప్పీ. అలాంటి రోజుల్లో వేసవి ఉజ్జీవ కూటాలు వచ్చాయి. దైవజనుడు ప్రార్థించాడు, నా నడుములో ఏదో వేడి పాకింది, నొప్పి పోయింది! సహోదరులారా, అది అబద్ధం కాదు, ఆ సాయంత్రం నిజంగానే నొప్పి లేదు. నేను వేదిక ఎక్కి, వంగి, కాలివేళ్లు ముట్టుకుని చూపించాను. మీరంతా చప్పట్లు కొట్టారు, స్తోత్రం చెప్పారు, నేను ఏడ్చాను.

ఆ మరుసటి ఆదివారం రాకముందే, ఒక కొబ్బరితోటలో బోరు లాగుతుండగా నొప్పి మళ్లీ పట్టుకుంది. మట్టిలో బోర్లా పడుకుని, ఆకాశం కూడా చూడలేక, నేను మొట్టమొదట అనుకున్నదేమిటో తెలుసా? 'అయ్యో ప్రభువా' అని కాదు. 'ఇప్పుడు జనానికి ఏం చెప్పను?' అని!

చెబితే దేవుని పేరు పోతుందని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. రాజాంలో కొంటే మందుల షాపువాళ్లు గుర్తుపడతారని బొబ్బిలి వెళ్లి నడుము బెల్టు కొన్నాను. వదులు చొక్కాలు కుట్టించి, బెల్టును వాటి కింద బిగించి మందిరానికి వచ్చేవాడిని. ఆరాధన తర్వాత ప్రేమవిందులో అందరూ వరుసగా నేలమీద కూర్చుంటారు, నేను కూర్చుంటే లేవలేను, కాబట్టి ఆశీర్వాద ప్రార్థనలో మీరంతా కళ్లు మూసుకుని ఉండగానే చెప్పులు వేసుకుని వెళ్లిపోయేవాడిని. ఇళ్లలో జరిగే కూడికల్లో చాపలు వేస్తారని వాటికీ వెళ్లడం మానేశాను. 'సాక్ష్యం చెప్పినకాడ్నుంచి ఈడికి గర్రా ఎక్కువైపోనాది' అని ఎవరో అన్నారని విన్నాను. గర్వమే అనుకోనీ, నొప్పి అని తెలియకపోతే చాలు అనుకున్నాను. మీరు ప్రేమవిందులో నవ్వుకుంటున్న వేళకి నేను ఇంట్లో నిలబడే, గిన్నెలోంచే అన్నం తినేవాడిని. పడుకున్నాక చలివేసినా లేచి ఫ్యాను ఆపలేక అలాగే ముడుచుకునేవాడిని. ఆపమని చెప్పడానికి మనిషి లేడు.

అన్నిటికన్నా నన్ను కాల్చేసింది మన సూరమ్మప్ప. ఏళ్ల తరబడి వరి ఊడ్చి ఊడ్చి ఆమె నడుము వంగిపోయింది. వయసులో నాకన్నా చాలా పెద్దది, మేమందరం అక్కను పిలిచినట్టు అప్ప అనే పిలుస్తాం. ఒకరోజు గుమ్మం దగ్గర నన్ను ఆపేసింది.

"తమ్మా, నీకు బాగుచేసిన దేవుడు నాకు సెయ్యడేటి? నా నడుం మీద ఓపాలి సెయ్యెయ్యి."

నేను చెయ్యి వేశాను! చొక్కా కింద బెల్టు నన్ను నొక్కుతుండగా, ఆ ముసలి నడుము మీద చెయ్యి ఉంచి గట్టిగా ప్రార్థించాను. తర్వాత కొన్నాళ్లకు ఆమె నవ్వుతూ, మందుబిళ్లలు మానేశానని, నా సాక్ష్యం విన్నాక వాటి అవసరం లేదనిపించిందని చెప్పింది. నేను తల ఊపాను. దేవుడు నన్ను క్షమించును గాక.

చివరికి నొప్పి కాలిలోకి దిగింది, నడవలేకపోయాను. విజయనగరంలో డాక్టరుగారు స్కాను చూసి, ఆపరేషను అక్కరలేదు, వ్యాయామాలు చెయ్యమన్నారు. విశాఖపట్నంలో చేతులతో కీళ్లూ వెన్నూ సరిచేసే కైరోప్రాక్టరు ఉన్నాడని ఎవరో చెబితే, వెళ్లొచ్చా అని ఈ డాక్టరుగారినే అడిగాను. స్కాను చూపించకుండా ఒంటి మీద చెయ్యి వెయ్యనివ్వొద్దని చెప్పి సరేనన్నారు. ఆ క్లినిక్కుకి ఫోను చేస్తే సోమవారం రమ్మన్నారు. అక్కడి అమ్మాయి ఎంతో మర్యాదగా, వదులు బట్టలు వేసుకోండి, కడుపునిండా తినకండి, స్కాను మరిచిపోకండి అని చెప్పి, "మీతో ఎవరు వస్తున్నారు సార్?" అంది.

"నేనొక్కడినే అమ్మా."

"ఒక్కరే రాకండి సార్. మొదటిసారి కదా, తల తిరగొచ్చు. మీ మనిషి ఒకరు ఉండాలి. పేరు చెప్పండి, రాసుకుంటాను."

సహోదరులారా, ఆ అమ్మాయి అడిగింది ఒక్క పేరు. నాకు రాలేదు. తర్వాత చెబుతానని పెట్టేశాను.

శనివారం సాయంత్రం అన్నీ సిద్ధం చేసుకున్నాను. జన్మలో వేసుకోని ట్రాకు ప్యాంటు కొని మడత పెట్టాను, స్కాను కవరు, తువ్వాలు, నీళ్ల సీసా సంచిలో పెట్టాను. మనిషి తప్ప అన్నీ ఉన్నాయి. ఫోను తీసి పేర్లు చూశాను. 'మిల్లు మోటారు', 'కొబ్బరితోట బోరు', 'స్కూలు ఫ్యాన్లు' — మనుషుల్ని కూడా నేను వాళ్ల మోటార్ల పేరుతోనే దాచుకున్నాను! ఒక్కొక్కటీ దాటుకుంటూ చివరిదాకా వెళ్లి, ఫోను పక్కన పెట్టి, మోకరించడానికి నడుము ఒప్పుకోక, నేలమీద వెల్లకిలా పడుకునే ప్రార్థించాను.

'ప్రభువా, నీ పేరు కాపాడుతున్నాననుకున్నాను. కాపాడుకున్నది నా పేరే. నువ్వు ఆ సాయంత్రం నిజంగా ముట్టావు, ఆ తర్వాత నేనే నీకూ నాకూ మధ్య బెల్టు కట్టుకున్నాను. నడుము సంగతి నీ ఇష్టం తండ్రీ. నాకొక మనిషిని ఇయ్యి.'

తెల్లారి ఆదివారం పాస్టరు అయ్యగారు సాక్ష్యాలు చెప్పేవాళ్లు రావచ్చన్నారు. నేను ముందుకు వచ్చాను, ఆ రోజు ఉన్నవాళ్లకు గుర్తుంది. చొక్కా ఎత్తి బెల్టు చూపించాను, సోమవారం పొద్దుటి బస్సుకి విశాఖ క్లినిక్కుకి వెళ్తున్న సంగతితో సహా అంతా చెప్పాను. అప్పుడు సూరమ్మప్ప బెంచీ పట్టుకుని లేచింది.

"ఓలమ్మ! ఒరే, నా నడుం మీద సెయ్యేసినప్పుడు కూడా ఇదే కట్టుకున్నావేటి?"

"అవునప్పా."

"మరి సెప్పీకూడదేటిరా! బిళ్లలు మానీసి రేత్రులు నిద్దర నేక సచ్చిపోతన్నాను! దేవుడికి నా మీద పేమ నేదేమో అనుకున్నాన్రా నాను!"

ఎవరో నవ్వబోయి ఆగిపోయారు. ఆమె కళ్లు తుడుచుకుంటూ బయటికి వెళ్లిపోయింది. నా అబద్ధం నన్నొక్కడినే నొప్పిస్తోందనుకున్నాను, ఆమె తన నొప్పిని దేవుని కోపంగా మోస్తోందని ఆ క్షణం దాకా నాకు తెలియదు! అయ్యగారు నా భుజం మీద చెయ్యి వేశారు కానీ, ఎవరినీ తోడు రమ్మని అడిగే ముఖం నాకు లేకపోయింది. ఇంటికి వెళ్లి, నిజం చెప్పినా ఒంటరితనం పోలేదు ప్రభువా అని ఏడ్చాను.

సోమవారం పొద్దున్న, క్లినిక్కువాళ్లు వెనక్కి పంపేస్తే తిరిగొచ్చేద్దామని బస్టాండుకి వెళ్లాను. విశాఖ బస్సు కిటికీలోంచి ఒక చెయ్యి ఊగుతోంది.

"బేగి రా! సీటుకి తువ్వాలేసినాను, ఈ కండట్రు నన్ను తినేస్తన్నాడు."

సూరమ్మప్ప! ఒడిలో సంచి, సంచిలో ఉప్మా. క్షమించమని అడగబోతే చెయ్యి అడ్డం పెట్టింది.

"నీ మీద కోపం పోనేదు. కోపంతోటే వస్తన్నాను. ఆ సివర కూకో."

దేవునికే మహిమ! నేను మనిషిని అడిగితే, నేను నొప్పించిన మనిషినే ఆయన పంపాడు. దారంతా ఆమె నన్ను తిడుతూనే ఉంది, బస్సు గుంతలో పడినప్పుడల్లా ఇద్దరం ఒకేసారి 'అబ్బా' అన్నాం, మూడోసారికో నాలుగోసారికో ఇద్దరికీ నవ్వొచ్చింది. ఎన్నాళ్లకు నవ్వానో!

క్లినిక్కులో ఆ అమ్మాయి మా ఇద్దరి నడుములూ చూసి, పేషెంటు ఎవరు, తోడు ఎవరు అని అడిగింది.

"ఈడికి నాను తోడు, నాకు ఈడు తోడు. ముందెవులి నడుం ఇరగ్గొడతారో మీరే సూసుకోండి" అంది అప్ప.

ఆ కైరోప్రాక్టరు స్కాను అంతా చూశాకే నన్ను పడుకోబెట్టి నెమ్మదిగా సరిచేశాడు. అప్పను మాత్రం ముట్టుకోలేదు, ఈ వయసు ఎముకలను విరవకూడదమ్మా, ఎముకల డాక్టరు దగ్గరికి వెళ్లి మందులు మళ్లీ మొదలుపెట్టండి అన్నాడు. మొదలుపెట్టింది, ఇప్పుడు నిద్రపోతోంది.

సహోదరులారా, నా నడుము పూర్తిగా బాగైందని ఈ రోజు నేను చెప్పను. తగ్గింది, ఒక్కోరోజు మళ్లీ వస్తుంది. బెల్టు ఇప్పుడూ ఉంది, చూడండి, చొక్కా పైనే కట్టుకున్నాను. దేవుడు నన్ను విడిపించింది నొప్పి నుంచి కన్నా ముందు ఆ చొక్కా నుంచి. ఆయన పేరును మన అబద్ధాలతో నిలబెట్టనక్కరలేదు, ఆయనే మనల్ని నిలబెడతాడు, ఆయన్ని నమ్మండి!

మీలో ఎవరైనా బాగైపోయామని చెప్పి, లోపల నొప్పితో ఇంటికి వెళ్తున్నారా? ఈ పూట ఆశీర్వాద ప్రార్థనలో వెళ్లిపోకండి. ప్రేమవిందు వేళ వెనక గోడ దగ్గర రెండు కుర్చీలు వేసి ఉంటాయి, ఒకటి అప్పది, ఒకటి నాది. మూడో కుర్చీ కూడా వేయించాను.