బొమ్మ వంకరపోయిన సాయంత్రం

నా చిన్నప్పుడు తాండూరులో మా గల్లీ మొత్తానికి టీవీ ఉన్నది మా ఒక్క ఇంట్లోనే. చెక్క పెట్టె, ముందు పక్కకు జరిపే తలుపులు, లోపల నలుపు తెలుపు బొమ్మ. సాయంత్రం ప్రసారాలు మొదలయ్యే వేళకు మా వాకిట్లో చెప్పులు కుప్పపడేవి. ఎవరు చాప మీద కూర్చోవాలో, ఎవరు గడప బయట నిలబడి చూడాలో మా తాత కంటిచూపుతోనే చెప్పేవాడు. ఎదురు చెప్పినవాళ్లు లేరు. నాకు తాతంటే ప్రాణమని చుట్టాలు అనుకునేవారు. నిజానికి అది భయం.

ఆ ఏడాది వానాకాలంలో మా నాన్న పెరటివైపు గదిని ఒక టీచరక్కకు అద్దెకిచ్చాడు. ఆమె ఆడపిల్లల బడిలో సైన్సు చెప్పేది. సొంతూరు ధారూర్ దగ్గరి పల్లె. శనివారం రైలెక్కి వెళ్లి, ఆదివారం అక్కడి చర్చిలో ప్రార్థన చేసుకుని తిరిగి వచ్చేది. పొలాల్లో కూలికి పోయే తల్లిదండ్రులు చదివించిన అమ్మాయి. ఆ సంగతి తెలిసిన నాటి నుంచి మా ఇంట్లో ఆమెను ఎవరూ ప్రశాంతంగా ఉండనివ్వలేదు. బోరింగ్ దగ్గర మేమంతా నీళ్లు పట్టుకున్నాకే ఆమె పట్టుకోవాలని నాయనమ్మ హుకుం వేసింది. బడికి ఆలస్యమవుతుందని అక్క మర్నాడే అందరికంటే ముందొచ్చి బిందె పెట్టింది. నాయనమ్మ ఆ బిందెను కాలితో తన్నింది. అక్క దొర్లిన బిందెను తెచ్చి, కడిగి, మళ్లీ అక్కడే పెట్టి బోరింగ్ కొట్టసాగింది. వంటింటి కిటికీలోంచి చూస్తున్న నాకు ఆ బోరింగ్ చప్పుడు తిట్టు కన్నా గట్టిగా వినిపించింది.

సరిగ్గా ఆ రోజుల్లోనే మా టీవీ చెడిపోవడం మొదలైంది. చెడిపోవడమంటే ఆగిపోవడం కాదు. బొమ్మ మధ్యలో వంకర తిరిగేది. ఆ వంకర పాము మెలికలా మెల్లగా కింది నుంచి పైకి పాకేది, పైన మాయమై మళ్లీ కిందనే పుట్టేది. వార్తలు చదివే మనిషి మొదట మెడ దగ్గర వంగేవాడు, తర్వాత నోటి దగ్గర, ఆ తర్వాత నొసటి దగ్గర. అప్పటిదాకా బాగున్న బొమ్మ చాలాసార్లు చీకటి పడే వేళకే అలా అయ్యేది. బడిలో ప్రత్యేక తరగతులు ముగించుకుని టీచరక్క ఇంటికి వచ్చేదీ ఆ వేళకే.

ఆ రెండింటినీ ముడిపెట్టింది మా నాయనమ్మ.

"అది గడప తొక్కంగనే బొమ్మ మెలికలు తిరుగుతున్నది. సూస్తలేరా? బాణామతి గాకపోతే ఏంది?" అన్నది.

బాణామతి అంటే చేతబడి. మా వైపు అప్పట్లో అది ఊరికే నోరుజారి అనే మాట కాదు. ఆ పేరు పడ్డవాళ్లను చెట్టుకు కట్టేసి కొట్టేవారని, మంత్రం పలకకుండా పళ్లు ఊడగొట్టేవారని పెద్దలు చెప్పుకుంటుంటే విన్నాను. అందుకే నాయనమ్మ ఆ మాట అనగానే నేను తాత వైపు తిరిగాను. నవ్వి కొట్టిపారేస్తాడని ఎదురుచూశాను. ఆయన నవ్వలేదు. హుక్కా పక్కన పెట్టి, "గా పొల్లను చూసినప్పుడే అనుకున్న," అన్నాడు.

వారం తిరగకుండానే ఆ మాట గల్లీ అంతా పాకింది. ఎవరి గేదె పాలివ్వకపోయినా, ఎవరి పిల్లకు జ్వరమొచ్చినా అక్క పేరే. ఆమె ఎదురొస్తే ఆడవాళ్లు కొంగు మొహానికి అడ్డం పెట్టుకునేవారు. ఒక పొద్దున ఆమె తలుపు మీద ఎవరో పేడ కొట్టారు. ఆమె దాన్ని కడుక్కుని, తాళం వేసుకుని, బడికి వెళ్లిపోయింది.

ఆ సాయంత్రమే అంతా జరిగింది. అక్క వచ్చేసరికి ఆమె ట్రంకు పెట్టె, చాప, పొయ్యి వాకిట్లో పారేసి ఉన్నాయి. గల్లీ మగవాళ్లు గుంపుగా నిలబడ్డారు. నాపరాళ్ల వ్యాపారం చేసే తాత స్నేహితుడి చేతిలో కర్ర ఉంది. లోపల టీవీ నడుస్తూనే ఉంది, బొమ్మ మెలికలు తిరుగుతూనే ఉంది. తాత అరుగు మీద నుంచి లేవకుండానే, "సామాను తీస్కొని నడువు. మల్ల గీ గల్లీల కనవడితే మంచిగుండదు," అన్నాడు.

అక్క వాకిట్లోని సామాను దాటుకుని అరుగు ముందుకు వచ్చింది. "పోత. గీ ఇంట్ల ఉండాలని నాకేం మోజు లేదు. కానీ గా పేరు మోసుకొని పోను. టీవీ దిక్కు ఒక్కసారి రానియ్యుండ్రి," అంది.

వద్దని నలుగురూ అరిచారు. అప్పుడు మా నాన్న నోరు విప్పాడు. "ఏం జెప్తదో జెప్పనియ్యుండ్రి," అన్నాడు. తాత ముందు నాన్న అంత గట్టిగా మాట్లాడటం నేను అదే మొదటిసారి వినడం.

అక్క లోపలికి వచ్చింది. వెనకే తాత, గల్లీవాళ్లు కొందరు వచ్చారు. ఆమె తన బడి సంచిలోంచి గుండ్రటి నల్లని అయస్కాంతం తీసింది. పాడైన లౌడ్‌స్పీకర్ నుంచి తీసి, పిల్లలకు పాఠం చెప్పడానికి దాచుకున్నది. దాన్ని తెర దగ్గర పెట్టగానే, వార్తలు చదువుతున్న మనిషి మొహం సాగి ఒక మూలకు గుంజుకుపోయింది. కన్ను చెవి దగ్గరికి వెళ్లింది. చూస్తున్నవాళ్లు ఒక్కసారిగా వెనక్కి జరిగారు. "సూసిండ్రా! మన కండ్ల ముంగటనే జేస్తున్నది!" అని నాయనమ్మ కేక పెట్టింది. కర్ర పట్టుకున్నాయన గడప దాటి లోపలికి వచ్చాడు. ఇక కొడతారనే అనుకున్నాను.

అక్క అటు చూడలేదు. గోడవార నిలబడ్డ నా దగ్గరికి తిన్నగా వచ్చి, ఆ అయస్కాంతం నా చేతిలో పెట్టింది. "నువ్వు పో బిడ్డ. నువ్వు పెట్టు," అంది.

"ముట్టకు!" అని నాయనమ్మ అరిచింది. ఆ బరువు నా చేతిలో చల్లగా ఉంది. ఎందుకో నాకు ఆ క్షణాన తాత భయం గుర్తుకు రాలేదు. వెళ్లి తెర దగ్గర పెట్టాను. మొహం సాగింది. చెయ్యి అటు జరిపితే అటు, ఇటు జరిపితే ఇటు సాగింది. తీసేయగానే తన చోటికి వచ్చేసింది.

"గిప్పుడు జెప్పుండ్రి," అంది అక్క తాతతో. "మీ మనుమరాలు సుత బాణామతి జేసిందా? దీన్ని ఏం జేద్దాం? పళ్లూడగొడదామా?"

కర్ర కిందికి దిగింది.

అప్పుడామె మాకు చెప్పింది. కోపంగానే చెప్పింది, బుజ్జగించి కాదు. టీవీ లోపల పెద్ద గాజుబుడ్డి ఉంటుందట. దాని వెనక సన్నటి మెడ. ఆ మెడ లోపలి నుంచి కంటికి కనబడని ఎలక్ట్రాన్ల ధార ఒకటి తెర మీదికి దూకుతుందట. ఆ ధార చెదిరిపోకుండా సన్నగా కూడదీసి, చుక్కంత చోట పడేలా చేసే ఏర్పాటు లోపలే ఉంటుంది. అది తప్పితే బొమ్మ మసకబారుతుంది. మెడ చుట్టూ రాగి తీగ చుట్టలుంటాయి. వాటిలో కరెంటు పారినప్పుడు అవి అయస్కాంతాల్లా పనిచేసి, ఆ ధారను ఎడమ నుంచి కుడికి, పై నుంచి కిందికి తిప్పుతాయి. మనం చూసే బొమ్మంతా ఆ ఒక్క చుక్క గీసిందే. "లోపలి చుట్టలు గుంజినట్టే బయటి అయస్కాంతం సుత దాన్ని గుంజుతది. ఎవల చేతులున్నా గుంజుతది. దానికి కులం దెల్వది, మతం దెల్వది," అంది.

తర్వాత టీవీ వెనక్కి వంగి చూసింది. అక్కడ చెక్క అర మీద, గాజుబుడ్డి మెడ ఉండే వెనక మూతకు దాదాపు ఆనుకుని, మా కొత్త స్టెబిలైజర్ ఉంది. కరెంటు తక్కువైనప్పుడు దాన్ని పెంచి టీవీకి ఇచ్చే ఇనుప పెట్టె అది. ఆమె అద్దెకు దిగిన రోజుల్లోనే నాన్న కొన్నాడు. పిల్లల చేతులు తగలకూడదని అక్కడ పెట్టాడు. చీకటి పడి ఊరంతా లైట్లు వేయగానే కరెంటు పడిపోయేది, అది టక్కుమని పెంచడం మొదలుపెట్టేది. లోపలున్న పెద్ద తీగచుట్ట మీద భారం పెరిగి, దాని అయస్కాంత శక్తి పక్కనున్న మెడ దాకా పాకేది.

"అన్నా, గిది జర దూరం జరుపు," అంది అక్క. నాన్న దాన్ని ఎత్తి, వైరు అందినంత దూరం గది మూలకు తీసుకెళ్లాడు. ఆయన అడుగులు వేస్తుండగానే మెలిక సన్నబడింది. మూలన దించేసరికి బొమ్మ నిటారుగా నిలబడింది.

ఆ తర్వాత జరిగినదే నేను మర్చిపోలేనిది. వార్తలు అయిపోయి పాటలు మొదలయ్యాయి. ఒకరు చాప మీద కూర్చున్నారు. ఆయన పక్కన ఇంకొకరు. కర్ర పట్టుకుని వచ్చినాయన కర్రను గోడకు ఆనించి, మఠం వేసుకు కూర్చున్నాడు. కాసేపటికి ఆమెను తరిమేయడానికి వచ్చిన వాళ్లంతా టీవీకి మొహాలు పెట్టి, ఆమెకు వీపులు పెట్టి కూర్చున్నారు. తాత కూడా. అక్క ఇవతలికి వచ్చి గడపలో నిలబడింది. చాలాసేపు నిలబడింది. కూర్చోమని ఎవరూ అనలేదు.

చివరికి ఆమె వాకిట్లోకి వెళ్లి ట్రంకు ఎత్తబోయింది. నేను పరుగెత్తి రెండో పిడి పట్టుకున్నాను. నాయనమ్మ లోపలి నుంచి పేరు పెట్టి పిలిచినా వదల్లేదు. ఇద్దరం కలిసి పెట్టెను ఆమె గదిలోకి చేర్చాం. నెల ముగియకముందే ఆమె వికారాబాద్‌లో గది చూసుకుని వెళ్లిపోయింది. మా తాత మాత్రం స్టెబిలైజర్ అమ్మినవాడు మోసం చేశాడని, తాను కనిపెట్టబట్టి టీవీ దక్కిందని ఊరంతా చెప్పుకున్నాడు. ఆయన పోయి ఏళ్లు దాటినా ఆ కోపం నాలో చల్లారలేదు. చల్లారాలని నేను కోరుకోవడమూ లేదు.

నాకిప్పుడు మనవలున్నారు. మా ఇంట్లో ఎవరైనా ఒకరి మీద నింద వేసి, అది తప్పని తేలితే, సంగతిని అక్కడితో వదిలేయనివ్వను. ఏ నలుగురిలో అన్నారో ఆ నలుగురిలోనే తప్పైందని చెప్పిస్తాను. కాలనీ వాట్సాప్ గ్రూపులో అంటే ఆ గ్రూపులోనే. మా అబ్బాయికి ఇది చిరాకు. "అయిపోయిందానికి గింత లొల్లెందుకమ్మా?" అంటాడు. అననీ. బొమ్మ సరిగ్గా నిలబడ్డాక కూడా అక్క ఆ గడపలో అంతసేపు ఎందుకు నిలబడిందో నాకు తెలుసు. ఆ ఒక్క మాట కోసమే. అంతమంది కూర్చున్న ఇంట్లో అది ఎవరి నోటా రాలేదు.