అమ్మాయికి కొత్త బండి చూసొచ్చిన రోజు

తిరుపతిలో యాత్రికులను కొండకు తీసుకెళ్లి తీసుకొచ్చే బాడుగ కారు నాది. పద్దెనిమిదేళ్లుగా ఇదే పని. ఇన్నేళ్లలో నా బండెక్కినవాళ్లను ఘాట్ రోడ్డు మధ్యలో ఒక్కసారి కూడా దింపలేదు. ఇది నేను చెప్పుకునే మాట కాదు, స్టాండులో ఎవరిని అడిగినా చెబుతారు. సరే, ఎవరూ అడగకపోతే నేనూ చెప్పుకుంటాను.

ఈ ఏడాది మోకాళ్లు మొండికేశాయి. క్లచ్ తొక్కితే ప్రాణం పోతోంది. నా చోట మా అమ్మాయి భవాని కూర్చుంటానంది. డిగ్రీ చదివింది, రెండేళ్లు నా పక్క సీట్లో కూర్చుని పని నేర్చుకుంది, బాడుగ బండి నడిపే లైసెన్సు తెచ్చుకుంది. వీధిలో కొందరు ముక్కున వేలేసుకున్నారు. నేను మీసం మెలేశాను. పాత బండి బాగా అరిగింది కాబట్టి ఆమెకు కొత్తది కావాలి. మార్కెట్లోకి వచ్చి నాలుగు నెలలైన ఒక చిన్న కారు మీద మా ఇద్దరి కన్నూ పడింది. దాని పేరు ఇక్కడ రాయను. చూడముచ్చటగా ఉంటుంది, పెట్రోలు తక్కువ తాగుతుందంటారు. కానీ కొండ మీద అది ఎలా ఉంటుందో చెప్పేవాళ్లు మాకు దొరకలేదు. ఆడపిల్ల మొదటి నెలలోనే ఘాట్‌లో ఆగిపోతే, తప్పు బండిదైనా పేరు పోయేది ఆమెదే. "ఆడమనిషి తోలితే ఇంతే" అనడానికి స్టాండులో కొన్ని నోళ్లు సిద్ధంగా ఉన్నాయి. నా భయమంతా అదే.

అదే బండి కొన్న చిత్తూరు బెల్లం వ్యాపారి చెంగల్రాయులు నంబరు షోరూమువాళ్లే ఇచ్చారు. బుధవారం ఉదయం ఆరున్నరకు తిరుపతి బస్టాండులో చిత్తూరు ఎక్స్‌ప్రెస్ ఎక్కాం. ఆడవాళ్లకు బస్సు ఉచితం కదా, భవాని ఆధార్ కార్డు చూపించి సున్నా టికెట్టు తీసుకుంది. నేను డబ్బులిచ్చి తీసుకున్నాను.

"బండెందుకు నాయనా, నేనిట్లే బస్సుల్లో తిరుగుతా" అని ఏడిపించింది.

ముందు సీట్లో పూతలపట్టు పోయే పెద్దాయన మా మాటలు విని వెనక్కి తిరిగాడు. "కొత్త బండీ కొత్త అల్లుడూ మొదటి ఆర్నెల్లు బాగనే ఉంటారప్పా. ఆపైన సూడల్ల."

ఎనిమిదిన్నరకు చిత్తూరులో దిగాం. బస్టాండు ఎదురుగా ఇడ్లీ, కారం చట్నీ తిని, తొమ్మిది దాటాక బెల్లం మండీకి పోయాం. చెంగల్రాయులుకు నలభై ఏళ్లుంటాయి. మమ్మల్ని కూర్చోబెట్టి, చేతిలో బెల్లం ముక్క పెట్టి, అరగంట ఆ బండిని పొగిడాడు. కన్నపిల్లను కూడా ఎవరూ అంత పొగడరు.

"మాటలెందుకన్నా, ఎక్కండి. కాణిపాకం దాకా పోయొద్దాం" అన్నాడు. ఆయన భార్య కూడా బయలుదేరింది. నేను ముందు సీట్లో కూర్చుని చెవి ఒగ్గి విన్నాను. ఇంజనుది ఒకటే నాదం. గేరు వెన్నలాగా పడుతోంది. కాణిపాకం చేరేసరికి నా తీర్పు తయారైంది. ఇంజను చప్పుడు వింటే దాని జాతకం చెప్పగలనని నాకు పేరు. "బంగారం లాంటి బండి" అన్నాను.

కాణిపాకం వినాయకుడి ముందు అబద్ధం చెప్పకూడదని మా సీమలో చిన్నపిల్లలకు కూడా తెలుసు. పొలం గట్టు దగ్గర తగాదా వచ్చినా, అన్నదమ్ములకు అనుమానం వచ్చినా, ఇక్కడికి వచ్చి ప్రమాణం చేసి తేల్చుకుంటారు. దర్శనం అయింది. చెంగల్రాయులు ఇంకా చేతులు జోడించుకునే ఉన్నాడు. అప్పుడు మెల్లగా అడిగింది మా అమ్మాయి.

"అన్నా, ప్రమాణం సేయమని అడగను. ఈడ నిలబడి ఒక్క మాట సెప్పు సాలు. బండి నిన్ను యాడన్నా నిలబెట్టిందా?"

నాకు తల తీసేసినట్టయింది. బెల్లం పెట్టి, బండెక్కించుకుని తెచ్చిన మనిషిని అడిగే ప్రశ్నేనా అది? చెంగల్రాయులు స్వామి వైపు చూశాడు, తర్వాత భార్య వైపు చూశాడు.

"రెండు తూర్లు నిలబెట్టిందమ్మా" అన్నాడు. "రెండు తూర్లూ మొగిలి ఘాట్లోనే. ఏసీ ఏసుకోని, బండి నిండా కూర్చోని ఎక్కతా ఉంటే ఇంజను కాగిందని ఎర్ర లైటొచ్చింది. రోడ్డు పక్కన ఆపి, ఫోను సెవికాడ పెట్టుకోని మాట్లాడేటట్టు నిలబడినా."

"ఆ పొద్దు యాపారం ఫోనంటివే" అంది ఆయన భార్య.

"సర్వీసులో సూసి, ఏం లేదు పొమ్మన్నారు. ఊరంతా తిరిగి నేనే పొగిడినాక బాగలేదని ఎట్లా సెప్పేది?"

నాకు ఆయన మీద కోపం రాలేదు. కొన్నవాడు తన వస్తువును వెనకేసుకు రాక ఏం చేస్తాడు? పైగా తప్పు డ్రైవరుదే అనిపించింది. "మీకు ఘాట్లో తోలే అలవాటు లేకనేమో" అన్నాను.

"అయితే నువ్వే తోలన్నా. తిరుమలకే పోదాం. నాకూ నిజం తెలియల్ల."

పదకొండున్నరకు అక్కడే అన్నదానంలో భోంచేసి బయలుదేరాం. డిక్కీలో రెండు బెల్లం మూటలున్నాయి. యాత్రికుల సామాను బరువుకు సరిపోతాయని నేనే దింపనివ్వలేదు. రెండు గంటలకు అలిపిరి చేరాం. తనిఖీలో మూటలు చూసి కానిస్టేబులు "ఇంత బెల్లం స్వామికా?" అన్నాడు. "బండికి సార్" అంది భవాని.

నేను స్టీరింగ్ పట్టుకున్నాను. మోకాలు నొప్పి కూడా మరిచిపోయాను. సగం దూరం బండి బాగా ఎక్కింది. ఆపైన ఇంజను వేడి చూపే గీతలు ఒక్కొక్కటే పెరిగాయి. నేను ఏసీ ఆపేశాను. మలుపుకు ముందే గేరు తగ్గించాను, ఇంజనును ఎక్కువ గుంజకుండా బుజ్జగించుకుంటూ పోయాను. గీతలు దిగాయి. గెలిచాననుకున్నాను.

పక్క సీట్లోంచి భవాని చెయ్యి చాపి ఏసీ మళ్లీ వేసింది.

"ఆపు పాపా, వేడెక్కుతుంది."

"బండి ఎక్కతా లేదు నాయనా, నువ్వు ఎక్కిస్తా ఉండావు. దీన్ని తోలబోయేది నేను. నువ్వు నేర్పిందంతా సేస్తాను. కానీ పద్దెనిమిదేండ్ల సెయ్యి నాకు యాడ్నుంచి వస్తాది? నాకు బండి కావల్ల, నీ సెయ్యి కాదు."

ఆ మాటతో నా తీర్పు గాలికి కొట్టుకుపోయింది. నేను కొత్త డ్రైవరు తోలినట్టే తోలాను. అక్కణ్నుంచి నాలుగో మలుపులో ఎర్ర లైటు వెలిగింది. గోడ పక్కన చోటు చూసి ఆపాను.

పద్దెనిమిదేళ్లలో మొదటిసారి కొండ మధ్యలో ఆగాను. ఒళ్లంతా సిగ్గుతో కాలింది. సరిగ్గా అప్పుడే మా స్టాండులోని గోపి బండి వచ్చి నెమ్మదించింది. "ఏమన్నా, నువ్వు నిలిచిపోయినావే?" నేను సీటు కింద ఏదో వెతుకుతున్నట్టు వంగాను.

"బండికి పరీక్ష పెట్టినామన్నా. ఫెయిలయింది" అంది భవాని.

అప్పటికే దిగి, హెచ్చరిక లైట్లు వేసి, వెనక చక్రానికి రాయి పెట్టేసింది. తడబాటు లేదు, దాపరికం లేదు. ఆ పిల్లను చూస్తే నాకు గుండె నిండిపోయింది. ఇంతకాలం ఆగకపోవడమే గొప్ప అనుకున్నాను. ఆగినప్పుడు తలెత్తుకుని నిలబడటం అంతకంటే గొప్పదని ఆమెను చూశాకే తెలిసింది.

ఇరవై నిమిషాలు చల్లారనిచ్చి పైకి పోయాం. గోపురానికి బయటినుంచే దణ్ణం పెట్టుకుని, కాఫీ తాగాం. దిగేటప్పుడు భవాని నడిపింది. ఐదు గంటలకు అలిపిరిలో చెంగల్రాయులు దంపతుల దగ్గర సెలవు తీసుకున్నాం. "రేప్పొద్దున్నే సర్వీసుకు పోయి, ఇదంతా రాయించుకుంటానన్నా. ఇంక దాచేది లేదు" అన్నాడాయన.

ఈ బండి చెడ్డదని నేను రాయడం లేదు. ఊళ్లో తిరగడానికి, చదునైన రోడ్డు మీద పోవడానికి హాయిగా ఉంది. నేను చూసింది ఒక్క బండినే. కానీ కొండకు యాత్రికులను తీసుకెళ్లే పనికైతే ఒక ఏడాది ఆగండి. మేమూ ఆగుతున్నాం. అంతవరకు పాత బండికే ఇంజను పని చేయించి భవాని నడుపుతుంది.

ఇంటికి ఆటోలో పోతుంటే నా ఫోను మోగింది. గోపి. "అన్నా, అదే బండికి నేను రేపు అడ్వాన్సు కట్టాలని ఉండా. ఏమంటావు?"

స్టాండులో ఎవరు బండి కొన్నా ముందు నన్నే అడుగుతారు. గొంతు సవరించుకుని, "సూడు గోపీ" అని మొదలుపెట్టాను.

"నువ్వు కాదన్నా" అన్నాడు. "ఫోను పాపకియ్యి."

ఇచ్చాను.