మద్రాసు నుంచి రాని ఇన్సులిన్

ఈ రోజు మధ్యాహ్నం తమిళనాడు ధర్మపురిలోని మా మందుల షాపుకి ఏరియూరు అనే పల్లె నుంచి మునెమ్మ వచ్చింది. ఆమె భర్త మారప్ప కూలిపని చేసేవాడు, షుగర్ రోగి. పశువుల నుంచి తీసిన ఇన్సులిన్ అతనికి పడేది కాదు. సూది వేసిన చోటల్లా ఎర్రగా వాచిపోయేది. వేరే దారి లేక అదే వేసుకునేవాడు.

పోయిన ఏడాది, అంటే 1982లో, పేపర్లో ఒక వార్త చదివాను. విదేశంలో ఒక కంపెనీ, అచ్చం మనిషి ఒంట్లో ఊరే ఇన్సులిన్‌నే సూక్ష్మజీవుల చేత తయారు చేయిస్తోందట. ఉత్సాహం ఆపుకోలేక ఆ పేపరు మారప్పకు చూపించాను. ఆ మందు పంపమని మద్రాసు హోల్‌సేల్ వాళ్లకు ఉత్తరం కూడా రాశాను. ఈనాటికీ జవాబు లేదు.

"ఆయన పోయి నెలాయెనన్నా," అంది మునెమ్మ. "ఆ మందు వచ్చింటే ఇంకెవరికన్నా ఇచ్చేయండి. మా కోసరం ఎత్తిపెట్టొద్దు. అది చెప్పేదానికే వచ్చినాను."

అసలు రానే లేదని చెప్పడానికి నాకు నోరు రాలేదు. "లేనిపోని ఆశ పెట్టినానమ్మా," అన్నాను.

"అట్ల అనొద్దన్నా. మీరు పేపరు చూపించిన దినం నుంచి సూదికి ఏడ్చేది మానేసినాడు. కొత్త మందు వచ్చేదాకా ఓర్చుకుంటే చాలు అనేవాడు."

బస్సుకు టైమైందని ఆమె వెళ్లిపోయింది. చేతికందని మందు సంగతి అతనికి చెప్పకుండా ఉండాల్సింది అని ఈ సాయంత్రమంతా అనుకుంటూనే ఉన్నాను. మీరైతే చెప్పేవారా?