పక్కనుంచి ఊపిన జెండా

నేను కారు నేర్చుకున్నది పెళ్లయ్యాకే. జనగామలో మాది స్టీలు సామాన్ల హోల్‌సేల్ దుకాణం. మా ఆయన గల్లా దగ్గర కూర్చుంటే, ఊళ్లు తిరిగి చిల్లర దుకాణాల ఆర్డర్లు తెచ్చే పని నాది. ఒకరోజు మహబూబాబాద్ వైపు, ఒకరోజు భూపాలపల్లి వైపు. ఇసుక లారీల వెనక, బొగ్గు టిప్పర్ల వెనక ఏళ్ల తరబడి తిరిగాను కానీ, నా చిన్న కారు అసలు ఎంత పరుగెత్తగలదో నాకు తెలియదు.

హైదరాబాదులో ఉద్యోగం చేసే మా తమ్ముడికి బండ్లంటే పిచ్చి. ఒకసారి ఇంటికొచ్చినప్పుడు మాట కదిపాడు.

"అక్కా, హైదరాబాద్ అవుతల రేస్ ట్రాక్ ఉన్నది. మన సొంత బండే తీస్కపోయి నడపొచ్చు. పక్కన నేర్పెటాయన కూసుంటడు. వస్తవా?"

"గిన్నెలమ్ముకునేదానికి రేసులేందిరా?"

"రేస్ కాదక్కా. ఎవలతోని పోటీ లేదు. ఎదురుంగ బండి రాదు, గొర్లు అడ్డం రావు. నువ్వు, నీ బండి. గంతే."

ఎదురుగా బండి రాదన్న మాట నన్ను పట్టుకుంది. కొంతకాలంగా పొద్దుగూకితే చాలు, భూపాలపల్లి అడవి దారిలో నడపాలంటే భయంగా ఉండేది. వయసు మీద పడుతోందనుకున్నాను. ఇంట్లో స్టూలు తగిలి తూలిపడబోతే మా అత్తమ్మ "కండ్లు నెత్తికెక్కినయా ఏంది?" అని నవ్వేది. నేనూ నవ్వేదాన్ని.

ఒక ఆదివారం పొద్దున్నే వెళ్లాం. గేటు దగ్గర డిక్కీలోని శాంపిల్ గిన్నెలు, కాళ్లకింది మ్యాట్లు, స్టీరింగు ముందున్న వినాయకుడు, అన్నీ దింపించారు. వదులుగా ఉన్నదేదైనా మలుపులో ఎగిరి మీద పడుతుందట. టైర్లలో గాలి, చక్రాల నట్లు, బ్రేక్ ఆయిల్ చూశారు. తర్వాత అందరినీ కూర్చోబెట్టి జెండాల గురించి చెప్పారు. పసుపు ఊపితే ముందు ప్రమాదం, నెమ్మదించాలి. నీలం ఊపితే వెనక వేగంగా వచ్చే బండికి దారివ్వాలి. ఎరుపు ఊపితే మెల్లగా ట్రాక్ బయటికి వచ్చేయాలి.

నాకు నేర్పడానికి కూర్చున్నది మా నాయిన వయసు మనిషి. మొదటి చుట్లు మెల్లగా తిప్పించాడు. ఎక్కడ బ్రేకు తొక్కాలో, ఎక్కడ తిప్పాలో గుర్తుకు ప్లాస్టిక్ కోన్లు పెట్టారు.

"మలుపుల బ్రేక్ కొట్టకు బిడ్డా. ముందుగాల్నే కొట్టి ఇడిసిపెట్టు. ఆఁ, గిప్పుడు తిప్పు."

నాలుగైదు చుట్లకు మలుపులు చేతికి అలవాటయ్యాయి. తిన్నటి రోడ్డు మీద యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కాను. అన్నేళ్లు గిన్నెలు మోసిన ఇంజను గట్టిగా గొంతెత్తి ముందుకు దూకింది. హెల్మెట్ లోపల నేను పకపకా నవ్వుతున్నాను. అంత సంతోషం నాకెప్పుడు కలిగిందో గుర్తులేదు.

"జెండా చూసినవా బిడ్డా?" అన్నాడాయన.

"ఏ జెండా?"

"నీలం. ఎడమ దిక్కు."

హెల్మెట్ అడ్డమొచ్చిందన్నాను. తర్వాతి చుట్టులో ఒక్కసారిగా "బ్రేక్! బ్రేక్!" అని అరిచాడు. మలుపు అవతల ఒక కారు జారి గడ్డిలోకి పోయి ఉంది. అంతకుముందే ట్రాక్ పక్కన నిలబడ్డ మనిషి పసుపు జెండా రెండు చేతులతో ఊపుతున్నాడట. నేను చూడలేదు.

ఆయన బండిని బయటికి తెప్పించాడు. కోప్పడలేదు. హెల్మెట్ తీయమని, ఎదురుగా ఉన్న స్తంభాన్నే చూడమన్నాడు. తన చెయ్యి నా చెవి పక్క నుంచి మెల్లగా ముందుకు తెచ్చాడు.

"వేళ్లు కనవడంగనే చెప్పు."

చూస్తూ నిలబడ్డాను. ఎంతకీ ఏమీ కనిపించలేదు. వేళ్లు దాదాపు నా ముక్కు ముందుకొచ్చాక "కనవడ్డయ్" అన్నాను. రెండో పక్కా అంతే. మా తమ్ముడు దగ్గరికొచ్చి నిలబడ్డాడు.

"ఇయ్యాల్టికి చాలు బిడ్డా," అన్నాడాయన. "కండ్ల దవాఖానకు పో. జల్ది పో." తాళంచెవి నా చేతికి కాక తమ్ముడికి ఇచ్చాడు.

కంటి వెనకుండే పొర అంచుల నుంచి ఎండిపోతూ వస్తోందని డాక్టరమ్మ చెప్పింది. చీకటిచూపు, పక్కచూపు ముందు పోతాయట. మందు లేదంది. నేనడిగింది ఒక్కటే.

"బండి నడపొచ్చా?"

"నడపొద్దమ్మా. పగలు గూడ వద్దు."

బయటికొచ్చి మెట్ల మీద కూర్చున్నాను. వెంట వచ్చిన మా ఆయన ఏదో చెబుతున్నాడు గానీ చెవికెక్కలేదు. తెలియకుండానే మహబూబాబాద్ బడి పిల్లల పక్క నుంచి, కురవి జాతర జనం మధ్య నుంచి ఎన్నిసార్లు నడుపుకొచ్చానో లెక్కపెట్టబోయి ఆపేశాను. ఎవరికీ ఏమీ కాలేదు. ఆ ఒక్కటే అదృష్టం.

ఇప్పుడు ఊళ్లకు ఆయనే నడుపుతాడు. నేను పక్క సీట్లో కూర్చుంటాను. గేరు మార్చాల్సిన చోట నా ఎడమ కాలు దానంతటదే నేలను నొక్కుతుంది.

తమ్ముడు ట్రాక్ మానేశానన్నాడు. అబద్ధమని తెలుసు. పోయిన నెల ఇంటికొచ్చినప్పుడు అడిగాను.

"పోయినవు గదా? ఎట్లున్నది?"

తల వంచుకునే చెప్పాడు. వానకు ట్రాక్ తడిసిందని, రెండో మలుపులో బండి వెనకభాగం జారబోతే యాక్సిలరేటర్ మీంచి కాలు మెల్లగా తీసి నిలబెట్టుకున్నానని. చెబుతూ చెబుతూ ఉత్సాహం వచ్చి చేతులతో స్టీరింగు తిప్పి చూపించబోయాడు. అంతలో నా ముఖం చూసి ఆగిపోయాడు.

"ఏడుస్తున్నవా అక్కా?"

"నేను ఏడుస్తనే ఉంటగని," అన్నాను, "నువ్వు చెప్పు. జారినంక ఏమైంది?"