మా బావ తలుపులు ఊడదీసిన వైనం

మా బావ స్నానాలగది తలుపు ఊడదీస్తున్నప్పుడు లోపల ఆయన అత్తగారు ఉన్నారు. కింది బందు ఊడాక గానీ ఆ సంగతి ఆయనకు తెలియలేదు. తెలిశాక కూడా, సగం వేలాడే తలుపు వంకరపోతుందని పై బందు సైతం విప్పేసి, తలుపును రెండు చేతులా అడ్డంగా పట్టుకుని, ముఖం గోడవైపు తిప్పుకుని, "మీరు కానివ్వండి అత్తయ్యా, నేను పట్టుకునే ఉన్నాను" అన్నారు. స్నానం పూర్తయ్యేదాకా అలాగే నిలబడ్డారు.

ఆ అత్తగారు మా అమ్మ; అమ్మా నేనూ ఉండేది అక్కావాళ్లింట్లోనే. తల తుడుచుకుంటూ బయటికొచ్చి, ఏమీ జరగనట్టు, "బాగానే పట్టుకున్నావు నాయనా. ఇంతకీ ఎందుకు ఊడదీశావు?" అని అడిగింది.

"గాలి కోసం అత్తయ్యా."

మా అక్క మొగుడు వడ్రంగి. అందులోనూ తలుపుల వడ్రంగి. కుర్చీ చెయ్యమంటే ముఖం మాడ్చుకునే మనిషి, తలుపనగానే పెళ్లికొడుకైపోతారు. ఆయన బిగించిన తలుపు మూస్తే చీమ కూడా కాసేపు ఆలోచించుకుని కిటికీ వెతుక్కోవాలి. అలాంటివాడు సొంత ఇంటి తలుపులన్నీ ఒక్కొక్కటే విప్పి పెరటిగోడకు చేరేస్తుంటే మతిపోయిందేమో అనుకున్నాం.

మతి పోలేదు. మతిలోకి ఒక పరిశోధన వచ్చి కూర్చుంది.

బావ వాళ్ల నాన్న పెద్దపేగు క్యాన్సర్‌తో పోయారు. నిరుడు వాళ్ల అన్నయ్యకూ అదే బయటపడి, ఆపరేషన్ అయి, దేవుడి దయవల్ల తేరుకున్నారు. ఆ ఆసుపత్రిలోనే పరిశోధన చేస్తున్న ఒక డాక్టరమ్మ, ఇంట్లోవాళ్లందరి ఉమ్మి కావాలంటూ వచ్చింది. ఉమ్మడానికి ఇంత మర్యాదగా అడిగినవాళ్లు లేరని బావ ఆనందంగా ఉమ్మి, ఎందుకో చెప్పమన్నారు.

"ఒంట్లో ఆక్సిజన్ తగ్గితే పసిగట్టే జన్యువులు ఉంటాయండీ" అంది డాక్టరమ్మ. "తగ్గిందనగానే కొత్త రక్తనాళాలు వెయ్యమని కబురు పెడతాయి. క్యాన్సర్ గడ్డ ఆ కబురునే వాడుకుని పెరుగుతుంది. ఈ జన్యువులు అందరిలో అచ్చు ఒకేలా ఉండవు, ఎక్కడో ఒక అక్షరం తేడా. ఆ తేడాకీ పేగు క్యాన్సర్ ముప్పుకీ సంబంధం ఉందా లేదా అని చూస్తున్నాం. ఇంకా తేలలేదు."

"మరి నాకుందా ఆ తేడా?"

"ఎవరికేముందో విడిగా చెప్పమండీ. మీరు మాత్రం పేగులోకి గొట్టం పంపి చూసే కొలనోస్కోపీ చేయించుకోవాలి. తండ్రికీ అన్నకీ వచ్చింది కాబట్టి అది తప్పదు."

ఈ చివరి ముక్క బావ చెవిదాకా వెళ్లి, అక్కడ తలుపు మూసి ఉండటం చూసి వెనక్కొచ్చేసింది. మొదటి ముక్క మాత్రం బాగా లోపలికి పోయింది. చెప్పరంటే ఉన్నట్టే అని ఆయన తీర్మానించుకున్నారు. ఇక చెయ్యాల్సిందల్లా కణాలకు గాలి తగ్గిందన్న అనుమానం రాకుండా చూసుకోవడం. అనుమానం లేకపోతే కబురు లేదు, కబురు లేకపోతే గడ్డ లేదు. ఇంత తేలిక సంగతి అంత చదువుకున్నవాళ్లకు తట్టకపోవడం ఆయనకు వింతగా తోచింది.

తలుపుల్లేని ఇంట్లో కాపురం ఎలా ఉంటుందో మా అక్కనడగాలి. మొగుణ్ణి తిట్టాలన్నా వీధిలోవాళ్లు వింటారని గుసగుసగా తిట్టేది. గుసగుసగా తిడితే ముద్దు చేసినట్టుంటుందని బావ ముసిముసిగా నవ్వేవారు. పక్కింటి పిల్లి మా అక్క మంచం మీద పిల్లల్ని పెట్టింది. అమ్మ స్నానానికి వెళ్లేటప్పుడు పాట అందుకునేది. పాట ఆగిందంటే ఎవరైనా అటు రావచ్చని గుర్తు.

కొన్నాళ్లకు డాక్టరమ్మ మళ్లీ వచ్చింది. తట్టడానికి ఏమీ దొరక్క, గుమ్మంలో నిలబడి నోటితోనే "టక్ టక్" అంది.

"రామ్మా, తీసే ఉంది" అంది అక్క వంటింట్లోంచి. "ఇక తియ్యడానికేమీ మిగల్లేదు."

సంగతంతా విని డాక్టరమ్మ నవ్వు ఆపుకోలేకపోయింది. "అయ్యో, ఇది పేగు గోడలో, కణం దగ్గర జరిగే వ్యవహారమండీ. మీ ఇంటి తలుపు తీసినా వేసినా దానికి తెలీదు. పరీక్ష చేయించుకున్నారా?"

"చూద్దాం."

మా బావ 'చూద్దాం' అన్న పనిని ఇంతవరకు ఎవరూ చూడలేదు. డాక్టరమ్మ వెళ్లిపోయాక అమ్మ ఆయన ఎదురుగా కూర్చుంది.

"భయమా నాయనా?"

బావ చేతిలోని ఉలిని అటూ ఇటూ తిప్పారు. "మా నాన్నకు రక్తం పడుతుండేది అత్తయ్యా. ఎవరికీ చెప్పలేదు. మరుగుదొడ్లో తలుపేసుకుని గంటలు గంటలు లోపలే ఉండేవాడు. ఆ తలుపు నేను చేసిందే. ఎంత మూలిగాడో ఏమో, బయటికి వినపడితేగా. ఊళ్లోవాళ్లంతా మెచ్చుకున్న తలుపది."

ఉలి పక్కన పెట్టేశారు. అమ్మ అంది: "ఆయన తలుపేసుకుని దాచాడు. నువ్వు తలుపులన్నీ పీకి దాస్తున్నావు. తేడా ఏముంది అల్లుడూ? రేపు లేచి ఆ పరీక్ష సంగతి కనుక్కో. లేదంటే నేనిక స్నానంలో పాడను."

ఆ బెదిరింపుకు ఇంటిల్లిపాదీ హడలిపోయాం. బావ ఒప్పుకున్నారు.

కొలనోస్కోపీకి ముందురోజు పేగు శుభ్రం కావాలని ఉప్పునీళ్లలాంటి మందు కుండెడు తాగిస్తారు. తాగాక మనిషికి కావలసింది ధైర్యం కాదు, తలుపు. ఈ సంగతి మా ఇంట్లో మందు సగం తాగాక గానీ ఎవరికీ గుర్తు రాలేదు. నేనూ అక్కా పెరట్లోకి పరుగెత్తి, మరుగుదొడ్డి కూడా అందులోనే ఉన్న స్నానాలగది తలుపు మోసుకొచ్చాం. బందులు బిగించే తీరిక ఆయన పేగులు ఇవ్వలేదు. అందుకని ఆ పూటంతా అక్కాతమ్ముళ్లం వంతులవారీగా తలుపు పట్టుకున్నాం. అమ్మ కుర్చీ వేసుకుని రేడియో గొంతు పెంచి కూర్చుంది.

"బావా, అయిందా?"

"అయిందనుకున్నానోయ్... లేదు, పట్టుకో, పట్టుకో!"

మర్నాడు గొట్టం లోపలికి పోయింది, పాలిప్ అనే చిన్న కండముక్క బయటికొచ్చింది. ఇంకొన్నేళ్లు అలా వదిలేస్తే క్యాన్సర్‌గా మారే రకమేనని, వేళకే వచ్చారని డాక్టరు చెప్పారు. అది విని అక్క ఆసుపత్రి వరండాలోనే ఏడ్చింది, గుసగుసగా కాదు. ఆ జన్యువుల అక్షరం మాటేమిటని బావ అడిగితే, డాక్టరమ్మ ఇంకా తేలలేదనే అంది. "తేలినప్పుడు తేలుతుందిలేమ్మా" అని ఆయనే ఆమెను ఓదార్చారు.

తలుపులన్నీ మళ్లీ బందులెక్కాయి. పిల్లి కాపురం మార్చింది. బావ మాత్రం ఒక కొత్త అలవాటు చేసుకున్నారు. ఎవరింటికి తలుపు కొలతకు వెళ్లినా, టేపు చాపి గుమ్మం ఎత్తు చూస్తూనే, మీ ఇంట్లో ఎవరికైనా పేగు క్యాన్సర్ వచ్చిందా, మలంలో రక్తం పడుతోందా, పరీక్ష చేయించుకున్నారా అని అడిగేస్తారు. నిన్నగాక మొన్న ఒక రిటైరైన హెడ్మాస్టరు గారికి ఒళ్లు మండిపోయింది.

"ఏమయ్యా, నువ్వు వచ్చింది నా తలుపు కొలవడానికా, నా పేగులు కొలవడానికా?"

బావ టేపు చుట్టుకుంటూ అన్నారు: "తలుపు పాడైతే ఇంకోటి చేసిపెడతా మాస్టారూ, మిమ్మల్ని చెయ్యడం నాకు రాదు."