వరలో కుళాయి

మా పెదనాన్న వరలు పోసేవాడు. ఇనుప అచ్చులో సిమెంటూ కంకరా పోసి, గట్టిపడ్డాక అచ్చు విప్పి, బావి గోడగా ఒకదానిమీద ఒకటి దించే గుండ్రటి వరలు. చుట్టుపక్కల ఎవరి బావిలోకి తొంగి చూసినా ఆయన చేతిపనే కనిపించేది. అందుకేనేమో, ఎవరింటికి వెళ్లినా ముందు పెరట్లోకి నడిచి బావిలోకి ఓసారి చూసేవాడు. "ఏం, కులాసానా?" అని ఆయన అడిగితే, అడిగింది మనల్నో బావినో తేల్చుకోవడానికి కాసేపు ఆగాల్సి వచ్చేది.

ఆ ఊరి బడిలో టీచరుగా చేరి నాలుగేళ్లు వాళ్లింట్లోనే ఉన్నాను. ఆ ఇంటికి నేను చేసిన సాయం ఒక్కటే, రోజూ పొద్దున్నే పెద్దమ్మకి జడ వేయడం. ఆవిడ కుడిచెయ్యి భుజం దాటి పైకి లేచేది కాదు. చేద లాగి లాగి అరిగిపోయిన భుజం అది. ఇంట్లో నీళ్లు తాగేది ముగ్గురమే గానీ, పెరట్లో వరలు తాగేదానికి అంతులేదు. పోసిన వరకి గోనెపట్టా కప్పి పదిరోజులు తడుపుతూనే ఉండాలి, లేకపోతే పగులుతుంది. పెదనాన్న వరలు దించడానికి ఊళ్లు తిరుగుతుంటే వాటికి నీళ్లు పట్టేది పెద్దమ్మే. మోటారు పెట్టించమంటే, అడుగున బురద లేచి బావి పాడవుతుందనేవాడు.

"భుజం సంగతి ఆయనకి చెప్పొచ్చుగా పెద్దమ్మా?" అన్నానొకసారి.

"వరకి వెంట్రుకంత పగులొస్తే వీధి మలుపులోంచి కనిపెడతారు. పెళ్లాం భుజం కనిపెట్టలేరా? ఎన్నాళ్లు పడుతుందో చూద్దాం."

ఆ పందెం ఆయనకి తెలియకుండా ఆయనతోనే కాసింది.

అలా ఉండగా వీధిలోకి కుళాయి గొట్టాలొచ్చాయి. నీళ్ల ఆఫీసువాళ్లు ఈ చివరినుంచి ఆ చివరిదాకా గాడి తవ్వారు. శనివారం గాడి పూడ్చేస్తామనీ, ఆలోపు దరఖాస్తు ఇచ్చినవాళ్లకే కుళాయి అనీ ఫిట్టరు ఇల్లిల్లూ తిరిగి చెప్పాడు. మా గుమ్మం ముందుకొచ్చేసరికి పెదనాన్న వీధంతా వినబడేలా అన్నాడు:

"మా బావి వచ్చి నాకు దాహమేస్తోందని చెప్పిన రోజున పెట్టించుకుంటాలే నాయనా. వెళ్లిరా!"

పైకి పరాచికంలా ఉన్నా, ఆయనకది బతుకుతెరువు. వరలు పోసేవాడింట్లోనే కుళాయి ఉంటే ఇక వరలెవరు కొంటారు? ఎదురింటి పిండిమర ఆయన కొత్త బావికని అంతకుముందే ఎనిమిది వరలు పోయమన్నాడు. ఎనిమిదీ పెరట్లో పట్టాల కింద తడుస్తున్నాయి. ఆ పిండిమర ఆయన సాయంత్రమే వచ్చి కూర్చున్నాడు.

"బావి తవ్వించాలా, కుళాయి పెట్టించాలా అని నాకేం తేలడం లేదు మేస్త్రీ. నీళ్ల సంగతి నీకంటే ఎవరికి తెలుసు? నువ్వేం చేస్తే నేనూ అదే."

"అయితే బావి తవ్వడానికి మనుషుల్ని పిలవండి."

"కంగారేముంది? మా అరుగు మీద కూర్చుంటే మీ పక్కసందులోంచి పెరడంతా కనిపిస్తుంది. చూస్తూ ఉంటా," అని నవ్వుతూ లేచాడు.

ఇల్లు పెద్దమ్మ పేరున ఉంది. మర్నాడు బడినుంచి వచ్చేసరికి ఆవిడ చేతిలో దరఖాస్తు కాగితం ఉంది. నేను నింపుతూ పోయాను. 'ప్రస్తుతం నీళ్లు ఎక్కడివి?' అన్నచోట 'సొంత బావి' అని రాశాను. 'కుళాయి కోరడానికి కారణం?' అన్నచోట కలం ఆగింది.

"ఇక్కడేం రాయమంటావు?"

"బావి అడిగిందని రాయి," అంది సంతకం కోసం కాగితం లాక్కుంటూ.

శుక్రవారం నేను బడికి సెలవు పెట్టాను. పెదనాన్న పక్కూరు వెళ్లగానే ఫిట్టరు ముగ్గురు మనుషులతో దిగాడు. పెరటి మూలకి గొట్టం లాగి, మూరెడెత్తున కుళాయి బిగించాడు. తిప్పి చూశాం. ఎటు తిప్పినా చుక్క లేదు. నీళ్లు వదలడానికి వారం పడుతుందన్నాడు. ఎటువైపు తిప్పి వదిలేశామో ఇద్దరం చూసుకోలేదు. గొట్టం ఊగుతోందని పెదనాన్న సిమెంటే తీసి పెద్దమ్మ ఎడమచేత్తో కలిపింది. ఎక్కువైపోయింది. పారేయడానికి మనసొప్పక మూలంతా మందంగా పరిచింది. అప్పుడు గుర్తొచ్చింది ఎదురింటి అరుగు. పిండిమర ఆయన అన్నం తిని అక్కడికొచ్చే వేళైంది.

"బాబూ, అదిగో, ఆ చివరి వర ఎత్తి దీనిచుట్టూ పెట్టండి. త్వరగా!"

"కుళాయికి వరెందుకమ్మా?" అన్నాడు ఫిట్టరు.

"చలేస్తుంది. ఎత్తవయ్యా!"

నలుగురూ మూలుగుతూ ఎత్తి దాన్ని పచ్చి సిమెంటు మీద దించారు. కుళాయి కాస్తా వరలో మునిగిపోయింది. పైన పట్టా కప్పేశాం.

సాయంత్రం పెదనాన్న వరలు లెక్కపెట్టుకుంటూ మూలదాకా వచ్చాడు. "ఇదిక్కడికెలా వచ్చింది?"

"ఎండ తగులుతోందని జరిపించాను."

"చూశావా అమ్మాయ్? పనంటే అదీ. మీ పెద్దమ్మకి చెప్పక్కర్లేదు," అని మురిసిపోయాడు. పెద్దమ్మ నావైపు చూడలేదు. నేనూ చూడలేదు. చూస్తే ఇద్దరం దొరికిపోతాం.

వారం గడిచింది. ఆదివారం పొద్దున పెద్దమ్మకి జడ వేస్తున్నాను. పెరట్లో పట్టాలు తడుపుతున్న పెదనాన్న చప్పుడు ఉన్నట్టుండి ఆగిపోయింది. దువ్వెన చేత్తో పట్టుకునే ఇద్దరం పరుగెత్తాం. మూలనున్న వరలోంచి బుడబుడమని శబ్దం. ఆయన పట్టా లాగేశాడు. అంచుకి బెత్తెడు కిందిదాకా తేటగా నీళ్లు. అడుగున కుళాయి, చేపలా మెరుస్తూ.

"ఇన్నేళ్లూ వరల్ని నీళ్లలోకి దించాను," అన్నాడు మెల్లగా. "నీళ్లే వరలోకి దిగడం ఇదే చూడ్డం."

ఆ మాట పూర్తయ్యేలోపే పిండిమర ఆయన అరుగు దిగి వచ్చేశాడు. "ఏం మేస్త్రీ! వీధిలో ఆ మాటలేంటి, పెరట్లో ఈ పనులేంటి? నీ వరలు నాకొద్దు, ఎనిమిదీ నువ్వే ఉంచుకో!"

పెద్దమ్మ ముఖం పాలిపోయింది. ఆవిడ భయపడగా నేను చూసింది ఆ ఒక్కసారే. పెదనాన్న ఆవిడ వంక చూశాడు, నీళ్ల వంక చూశాడు, చివరికి పిండిమర ఆయన వంక తిరిగాడు.

"మీ మర వెనక గోడకి కొత్తగా మాసిక వేశారేంటండీ? సరిగ్గా ఓ గొట్టం దూరేంత మాసిక. పనివాడెవడో గానీ, తాపీ పట్టడం రాదు."

పిండిమర ఆయన గొంతు దిగిపోయింది. "అది... మా ఆవిడ పోరు పడలేక..."

"ఇక్కడా ఆవిడే లెండి. మీ కుళాయి రోజుకెంతసేపు వస్తుందట?"

"ఓ గంట."

"మిగతా ఇరవైమూడు గంటలూ? బిందెలు కావలించుకుని కూర్చుంటారా? వరకి అడుగు పోస్తే తొట్టి. చూసుకోండి, చుక్క కారితే అడగండి."

పిండిమర ఆయన వంగి, వర మొదలంతా వేలితో రాసి చూసుకున్నాడు. పొడిగా ఉంది. వర చుట్టూ రెండుసార్లు తిరిగి, "నాకు రెండు తొట్లు," అన్నాడు నేల చూపులు చూస్తూ. నెల తిరిగేలోపు మిగతా వరలూ తొట్లయి వీధిలోకి వెళ్లిపోయాయి. ఆ తర్వాత ఆయన బావికి పోసిన వరలు తక్కువ, తొట్లకి పోసినవి ఎక్కువ. ఫిట్టరు వచ్చి, కుళాయి నీళ్లలో మునిగి ఉండకూడదని కేకలేసి, అంచు మీదికి పెంచి వెళ్లాడు.

ఆ ఆదివారం పిండిమర ఆయన గడప దాటగానే పెదనాన్న వర పక్కన గొంతుక్కూర్చున్నాడు.

"అడుగెవరు పోశారు?"

"నేనే," అంది పెద్దమ్మ.

"ఇసక ఎక్కువైంది."

"ఒంటిచేత్తో కలిపితే అలాగే వస్తుంది."

"ఒంటిచేత్తో ఏంటి?"

పెద్దమ్మ విడిపోతున్న జడని ఎడమచేత్తో పట్టుకుంది. ఆయన చూపు నా చేతిలో దువ్వెన మీద పడింది. అక్కణ్ణుంచి ఆవిడ సగం జడ మీదికి, ఆవిడ కుడి భుజం మీదికి వెళ్లి అక్కడే ఆగిపోయింది.

"మొత్తానికి కనిపెట్టారు," అంది పెద్దమ్మ. "నేను ఇంకో పదేళ్లు పడుతుందనుకున్నా."

మర్నాటికి బావి దగ్గర చేంతాడు లేదు. తాగడానికి బావి నీళ్లే కావాలి ఆయనకి. తెల్లారగట్లే తనే ఒక బిందె తోడుకుని, పెద్దమ్మ లేచేలోపు తాడు దాచేసేవాడు. ఎక్కడని అడిగితే ఈలవేసేవాడు. ఆవిడకి నీళ్లతో పనిలేకపోయినా పంతం. అటకలు, గోనెలు, ఆయన సైకిలు సంచీ అన్నీ వెతికింది. మంచాన పడేదాకా రోజూ ఆయన దాచాడు, రోజూ ఆవిడ వెతికింది. పోయిన చలికాలం ఆయన ఆ చోటు చెప్పకుండానే పోయాడు.

మొన్న సెలవులకి వెళ్లినప్పుడు, తుప్పు పట్టకుండా నూనె రాద్దామని ఇద్దరం ఆయన అచ్చు మీది పట్టా తీశాం. లోపలి రేకుకీ బయటి రేకుకీ మధ్య, సిమెంటు పోసే సందులో, వరలాగే గుండ్రంగా చుట్టి ఉంది చేంతాడు. పెద్దమ్మ అచ్చు అంచు పట్టుకుని కళ్లలో నీళ్లొచ్చేదాకా నవ్వింది. నేను బయటికి తీయబోతే ఎడమచేత్తో నా చెయ్యి పట్టుకుంది.

"ఉండనీవే. దొరికిందని తెలిస్తే చోటు మార్చేస్తారు."